తెరమీది ఎర్ర గడి

“మళ్లీ పాపే వచ్చింది,” అన్నాడు టెక్నీషియన్, కుర్చీలోంచి సగం లేచి.

ల్యాబులో అందరూ అతని తెర వైపు తిరిగారు. రోగి జన్యుక్రమాన్ని మామూలు మనిషి క్రమం కింద పేర్చి బ్రౌజర్‌లో చూపించే వ్యూయర్ అది. కలిసినచోట ఆకుపచ్చ, తేడా ఉన్నచోట ఎరుపు. తెర పైన పేరు మూడో అంతస్తులో పడుకున్న లారీ డ్రైవరుది. కింద బారులు తీరిన అక్షరాల మధ్య ఉన్న ఎర్ర గడి మాత్రం అతనిది కాదు. ఆ గడి ఈ ఆసుపత్రిలో ఒక్కరికే కనబడింది. పోయినేడాది, తొమ్మిదేళ్ల పాపకి. పాప ఇప్పుడు లేదు.

సోమవారం నుంచి ఇదే వరస. ఎవరి ఫైలు తెరిచినా అదే ఎర్ర గడి. పాప ఇంకా ఈ చుట్టుపక్కలే తిరుగుతోందని ఊడ్చే ఆవిడ తేల్చేసింది. టెక్నీషియన్ నవ్వబోయి, పక్కబల్ల వైపు చూసి నోరు మూసుకున్నాడు. ఆ వ్యూయర్‌ను రాసిన ప్రోగ్రామర్ అక్కడే కూర్చుని ఉంది. పాప ఆమె కూతురే.

పెద్ద డాక్టరు గబగబా లోపలికొచ్చాడు. నాలుగింటికల్లా డ్రైవరుకి మందు ఎక్కించాలట. జన్యుక్రమం చూడకుండా ఎక్కిస్తే ప్రాణం మీదికొస్తుందట, ఎక్కించకపోతే తెల్లారేదాకా ఉండడట. అంతా చెప్పి గొంతు తగ్గించాడు.

“నీవల్ల కాదంటే చెప్పమ్మా. బయటివాళ్లని పిలుస్తా.”

“నేనే చేస్తాను సార్.”

నిజానికి తప్పెక్కడుందో ఆమెకి మంగళవారమే తెలిసిపోయింది. ఫైళ్లన్నిటినీ కొత్త సర్వరుకి మార్చినప్పుడు వార్డులవారీగా ఫోల్డరులో ఫోల్డరు పెట్టారు. వ్యూయర్‌కి ఒక మెట్టు దిగడమే వచ్చు. రెండో మెట్టు దారి తెలియక, ఎప్పుడో గుర్తుపెట్టుకున్న పాప ఫైలునే పట్టుకొస్తోందని ఆమె లెక్క. బాగుచెయ్యడం గంట పని. టెక్నీషియన్ ఎలాగూ ఫైళ్లు చేత్తో విప్పి సరిచూస్తున్నాడులే అని సర్దిచెప్పుకుని మూడు రోజులు నెట్టుకొచ్చింది. ఇంట్లో పాప చెప్పులు తీసేశారు, మంచం ఎవరికో ఇచ్చేశారు. ఇక్కడ మాత్రం రోజుకి ముప్పైసార్లు పలకరించి పోతోంది. దాన్ని తన చేత్తో ఎలా పంపించేస్తుంది?

కానీ పైన డ్రైవరు భార్య మెట్లమీద కూర్చుని ఉంది. చేత్తో విప్పి చూసేంత టైము లేదు.

ఆమె కీబోర్డు దగ్గరికి లాక్కుంది. దారిని ముక్కలు చేసి, ఒక్కో మెట్టూ దిగుతూ ఫైలు దొరికేదాకా వెళ్లేలా మార్చింది. మూడూ నలభైకి డ్రైవరు పేరు నొక్కింది. వరసలు మారిపోయాయి. ఆ చోట ఆకుపచ్చ.

డాక్టరు మోతాదు రాసుకుని పరుగెత్తాడు. టెక్నీషియన్ ఊపిరి పీల్చుకుని, పాప వెళ్లిపోయిందన్నాడు మెల్లగా.

ఆమెకి ఒక్కసారి చూడాలనిపించింది. ఉద్యోగుల ఇంటివాళ్ల ఫైళ్లు ఎవరి కంటా పడకుండా మొదటినుంచీ ఇంకో మెట్టు లోపల, రెండో మెట్టులోనే దాచేవారు. దిగి, పాప ఫైలు తెరిచింది.

ఆకుపచ్చ.

మూసి తెరిచింది. మళ్లీ మూసి తెరిచింది. ఆకుపచ్చే.

మందు ఎక్కుతోందని చెప్పడానికొచ్చిన డాక్టరు ఆమె వెనకే ఆగిపోయాడు. ఇది పాపదేనా అని అడిగాడు.

“పాపదే సార్. దీన్ని వ్యూయర్ తెరవడం ఇవాళే మొదటిసారి.”

ఆయన కుర్చీ వెతుక్కుని కూలబడ్డాడు. ఆ ఎర్ర గడిని నమ్మి పాపకి ఎనిమిది నెలలు మందులు ఎక్కించాడు. నలభై దాటితేగానీ రాని జబ్బు పసిదానికెలా వచ్చిందని అప్పట్లో ఆశ్చర్యపోయాడు కూడా. పాపని తీసుకుపోయింది జబ్బు కాదు, ఆ మందులే.

ఆమె అయిదేళ్ల కిందట తను రాసిన లైను దగ్గరికి వెళ్లింది. ఫైలు దొరక్కపోతే తెర ఖాళీగా ఉంచకుండా నమూనా ఫైలు చూపించమని ఉంది. తొలిరోజు చూడవచ్చిన పెద్దల ముందు పరువు పోకూడదని రాసింది. రోగుల ఫైళ్లు వాడకూడదు కాబట్టి, ఆ నమూనాకి రక్తం ల్యాబులోనే ఒకరిచ్చారు.

“పాపకి మనం మందులేసింది ఎవరి జబ్బుకమ్మా?”

“నా జబ్బుకి,” అంది ఆమె.