పాత పడవ చెక్క

“ఈ చెక్క యాడిది మునీరూ?”

మునీర్ కొట్టంలో, తాను చేయమన్న తుపాకీ స్టాండు మీద కప్పిన గుడ్డ తీయగానే నరేంద్రబాబు నోట వచ్చిన మొదటి మాట అది. నీలం రంగు పలక, దాని మీద అడ్డంగా పసుపు గీత. గీత కింద గుప్పెడు మేర ఏడెనిమిది సన్నటి చిల్లులు.

“పాత పడవ చెక్కన్నా. మీరే గదా కావాలన్నారు,” అన్నాడు వడ్రంగి మునీర్, చెవి మీద పెన్సిలు సర్దుకుంటూ.

కావాలన్న మాట నిజమే. రొయ్యల గుంటల దగ్గర ఆయన కట్టించిన గెస్టుహౌసు నిండా మునీర్ చేసిన సామానే. విరిగిన పడవలతో బల్లలు, పడగొట్టిన మిద్దెల దూలాలతో మంచాలు. మేకు చిల్లులు, తుప్పు మరకలు, పెచ్చులూడిన రంగు ఎక్కడివక్కడ ఉండాల్సిందే, అదే దాని అందం. “కొత్త చెక్కను పాతదని నాకు అంటగట్టే మొనగాడు ఇంకా పుట్టలేదబ్బయ్యా,” అని విడవలూరంతా చెప్పుకు తిరిగేవాడు.

అంతటి మనిషి ఇప్పుడు పలకను ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఆ రంగు పడవలో హజరత్తయ్య చేపలకు పోయి ఆరు నెలలయింది. మనిషీ రాలేదు, పడవా రాలేదు. గుంటల మురికినీళ్ళు ఉప్పుటేట్లోకి వదిలి చేపల్ని చంపుతున్నావని నరేంద్రబాబును నలుగురిలో నిలదీసినవాడు వాడొక్కడే. వాడు పోయిన రోజు పొద్దున నరేంద్రబాబు గట్టు మీద తుపాకీ పేలడం ఊరంతా విన్నది. కొంగల్ని తోలానన్నాడాయన. పెద్దమనిషి మాటకు ఎదురేముంది, సముద్రమే మింగేసిందని సరిపెట్టుకున్నారు. హజరత్తయ్య భార్య చెంచులక్ష్మి మాత్రం సరిపెట్టుకోలేకపోయింది. మట్టి చేసుకోడానికి శవమన్నా చూపించండయ్యా అని తిరగని గడప లేదు పాపం.

“ఇయ్యి మేకుల చిల్లులేనా?” అడిగాడు నరేంద్రబాబు.

“మేకయితే చుట్టూ తుప్పు కారుద్ది గదన్నా. వీటికి తుప్పే లేదు. సీసం గుండ్లు దొరికినాయి లోపల.”

“ఎవురికన్నా చూపించినావా?”

“పాత చెక్కలో ఏమేమో ఉంటాయి. ఎవురికని చూపిచ్చేది?”

వెనక రేకుల కింద, ముక్కుకు గుడ్డ కట్టుకున్న ఒక ఆడమనిషి అటు తిరిగి కూర్చుని బల్లకు ఉప్పుకాగితం రుద్దుతోంది. ఆ బరబర చప్పుడుకి నరేంద్రబాబు పళ్ళు జివ్వుమన్నాయి.

“ఈ పలక నాకొద్దు. ఇప్పుడే, నా కళ్ళ ముందరే కాలబెట్టు.”

“అయ్యో, ఇంత పని చేసినాక కాలబెట్టేదేందన్నా?”

“చెప్పింది చెయ్యి!”

మునీర్ నింపాదిగా బీడీ ముట్టించుకున్నాడు. “సరే, ఇది కాలబెడతా. మిగతా పడవని ఏం చెయ్యమంటారు?”

“మిగతా పడవేంది?”

“పడవంతా ఉండాది గదన్నా. ఏట్లో దొరికింది. రేపు మనుషుల్ని పెట్టి బయటికి లాగిస్తా.”

నరేంద్రబాబు ఒకడుగు ముందుకేశాడు. పడవను లాగితే, దాని అడుగున తాను కట్టిపడేసిందీ పైకొస్తుంది. రాళ్ళు మోసిన బరువు ఆయన భుజాలకు మళ్ళీ తెలిసింది. ఆర్నెల్లుగా అన్నం సయించకుండా చేస్తున్న భయం ఒక్కసారిగా కోపమై తలకెక్కింది. ఎగిరి మునీర్ చొక్కా పట్టుకున్నాడు.

“పాత లాకుల కాడ మడుగులో రాళ్ళ కింద ఉండే పడవని యా నా కొడుకు తీసినాడ్రా? వాడి పేరు చెప్పు!”

ఉప్పుకాగితం చప్పుడు ఆగిపోయింది.

ఆ ఆడమనిషి లేచి ఇటు తిరిగింది. ముక్కు మీది గుడ్డ లాగేసింది. చెంచులక్ష్మి. ఆమె కాళ్ళ దగ్గర ఒక పాత రంగు డబ్బా ఉంది, అడుగున ఇంత నీలం మిగిలి. పెనిమిటి పడవకు పూయగా మిగిలిన డబ్బా అది. ఆమె ఏడవలేదు. “లాకుల కాడ మడుగంట అన్నా,” అంది మునీర్‌తో.

మునీర్ తన చొక్కా మీద బిగిసిన వేళ్ళను ఒక్కొక్కటిగా విడిపించుకున్నాడు.

“ఎవురూ తియ్యలేదు నరేంద్రన్నా. ఇది మొన్న కోయించిన కొత్త వేపచెక్క, చిల్లులు నేనే వేసినా.”