ఎండలో కూర్చునే మనిషి

కారు ఇంకా ఆగనేలేదు, జెమ్మా కిటికీలోంచి తల బయటపెట్టింది.

"టాంటీ, ఆ ఎర్రచేతుల ముసలాయన ఉన్నాడా?"

అద్దెకిచ్చే ఇంటావిడ ఎథలిన్‌ని ఊరంతా టాంటీ అనే పిలుస్తారు. ఆవిడ తాళంచెవి పట్టుకుని మెట్టు మీదే నిలబడిపోయింది.

"లేడు తల్లీ. ఇంక రాడు."

జెమ్మా గుండెల మీంచి బస్తా దించినట్టయింది.

ట్రినిడాడ్ నుంచి ఆ కుటుంబం మా టొబాగోకి రావడం అది తొమ్మిదో ఈస్టరు. అదే ఇల్లు. అదే కిర్రుమనే మంచం. ఆ మంచం ఎవరికన్నదాని మీద మొగుడూ పెళ్ళాలకి అదే గొడవ. ఆరేళ్ళ కూతురు కెజయా నడక నేర్చింది కూడా ఆ ఇసుకలోనే.

ఏటా అదే భయం కూడా.

బీచ్ చివర, కొమ్మలు నేలదాకా వాలి మొదలు కనపడని గుబురు చెట్టొకటి ఉంది. దానికి పదడుగుల ఇవతల, మిట్టమధ్యాహ్నపుటెండలో, బోర్లించిన బకెట్టు మీద ఆ ముసలాయన కూర్చునేవాడు. మణికట్ల దాకా ఎర్రటి చేతులు. కళ్ళు ఎప్పుడూ పిల్లల మీదే.

"అంత నీడ పెట్టుకుని ఎండలో మాడతాడేంటి? నాకు భయంగా ఉంది డెక్స్‌టర్."

"తాబేళ్ళని ఒట్టి చేతుల్తో చీల్చుకు తింటాడట," అనేవాడు మొగుడు. "పోయిన వారం ఒక సొరచేప ఈయన్ని చూసి, తిరగడానికి కూడా వ్యవధి లేక, వెనక్కి ఈదుకుంటూనే వెనిజులా చేరిందట."

"నీ నోరు మూతపడ! పిల్ల వింటోంది."

నిరుడు ఆ వేళాకోళం కాస్తా వికటించింది.

కెజయా అలల అంచున ఆడుకుంటుంటే ముసలాయన పరుగున వచ్చి, మణికట్టు పట్టుకుని, పిడికిలి విప్పదీసి, లోపలున్నదేదో సముద్రంలోకి విసిరేశాడు.

"అమ్మా, ఒక్క మాట విను..."

"ఏంటి వినేది! నా పిల్లని ముట్టుకుంటావా?"

జెమ్మా కేకలకి బీచంతా పోగైంది. పోలీసొచ్చాడు. మళ్ళీ ఈ ఇసుకలో కాలు పెట్టావంటే లోపలేస్తానన్నాడు.

"ఆయన ఎవరికీ హాని చెయ్యడు తల్లీ," అని ఆ సాయంత్రం ఇంటి దగ్గర నసిగింది టాంటీ.

"ఆయన ఉంటే మేం రాం. తేల్చుకో టాంటీ."

టాంటీ తేల్చుకుంది. నోరు మూసుకుంది.

ఇప్పుడు తలుపు తీస్తూ, ఏటా చెప్పేదే మళ్ళీ చెప్పింది.

"ఎర్ర పట్టీ ఉన్న చెట్ల దగ్గరికి పోకండి."

"పట్టీ ఉంటే పరుగు, పట్టీ లేకుంటే పండగ!" అని పాడింది కెజయా. మా తీరంలో విషపు చెట్టు మొదలుకి ఎర్రరంగు పట్టీ ఉంటుంది. ఆ సంగతి ఇక్కడ పాలు తాగే పిల్లకీ తెలుసు.

మోకాళ్ళు అరిగిపోయిన టాంటీ బీచ్‌కి దిగి రెండేళ్ళయింది.

వీళ్ళు దిగారు. బకెట్టు ఇసుకలో సగం కూరుకుపోయి ఉంది.

డెక్స్‌టర్ కొమ్మల కిందికి దూరి, గుబురు చెట్టు మొదలు చుట్టూ తిరిగొచ్చాడు.

"నాలుగు వైపులా చూశా. పట్టీ లేదు. తొమ్మిదేళ్ళకి ఈ నీడ మనదైంది మహారాణీ!"

దుప్పటి పరిచారు. మాకరోనీ గిన్నె మూత తీశారు. జెమ్మా చాలా ఏళ్ళ తరవాత అక్కడ కళ్ళు మూసుకుంది.

"అమ్మా, బుల్లి ఆపిల్! ఎంత తియ్యగా ఉందో!"

జెమ్మా కళ్ళు తెరిచింది. పిల్ల చేతిలో సగం కొరికిన పచ్చటి కాయ.

"ఉమ్మెయ్! ఉమ్మేస్తావా లేదా!"

"అమ్మా... గొంతులో మిరపకాయ..."

అంతే. ఆ తరవాత మాట రాలేదు. పెదాలు ఉబ్బాయి. ఊపిరి ఈలలా వినిపిస్తోంది.

స్కార్‌బరో ఆసుపత్రి దాకా అన్నీ మలుపులే. డెక్స్‌టర్ ఒక్క జోకు వెయ్యలేదు. జెమ్మా పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి కూర్చుంది. ఒక మలుపులో వేలికి గాలి తగల్లేదు. మళ్ళీ తగిలేలోపు ఆమె సగం చచ్చింది.

రెండు గంటల తరవాత డాక్టరు బయటికొచ్చాడు.

"గండం గడిచింది. మాట రావడానికి నాలుగు రోజులు పడుతుంది."

జెమ్మా గోడకి జారగిలబడి నేలమీద కూర్చుండిపోయింది. చెట్టు పాలు తగిలిన ఆమె చేతి మీద బొబ్బలు లేస్తున్నాయి. ఒక ముసలి నర్సు వాటికి మందు రాస్తూ కసిరింది.

"కొత్తవాళ్ళా? పట్టీ కనపళ్ళేదా?"

"తొమ్మిదేళ్ళుగా వస్తున్నాం అక్కా. ఒట్టు, ఆ చెట్టుకి పట్టీ లేదు."

"లేకపోవడమేంటి? మా కత్‌బర్ట్ తాత..."

నర్సు చెయ్యి ఆగిపోయింది.

"అయ్యో, తాత మొన్న వానల్లో పోయాడు కదూ. ఉప్పుగాలికి ఆ రంగు ఏడాది కూడా నిలవదు. ఈస్టరు ముందు తాతే అన్ని చెట్లకీ మళ్ళీ వేసేవాడు."

"అది... గవర్నమెంటు వాళ్ళ పని కాదా?"

"అందరూ అలాగే అనుకునేవాళ్ళు. తాత తన డబ్బుతోనే రంగు కొనేవాడు. కుంచె పట్టుకోవడం రాదు, అరిచేతుల్తోనే పూసేవాడు."

"అరిచేతుల్తోనా?" అంది జెమ్మా.

నర్సు ఇంకో బొబ్బ మీద మందు రాసి, మెల్లగా అంది. "నలభై ఏళ్ళ రంగు, ఎక్కడికి పోతుంది చెప్పు? పెట్టెలో పడుకోబెట్టేముందు మేం కిరసనాయిలు పెట్టి ఎంత తుడిచినా, ఆ రెండు చేతుల ఎరుపు మాత్రం వదల్లేదమ్మా."