తొంభై రోజుల నీటిమట్టం

“ఇవాళ ఆ థీసిస్ ఇవ్వొద్దమ్మా,” అన్నాడు తండ్రి.

బైండింగు జిగురు వాసన ఇంకా పోని నాలుగు ప్రతులను సంచిలో సర్దుతున్న కూతురి చేయి ఆగింది. పదకొండింటికల్లా యూనివర్సిటీలో ఇచ్చెయ్యాలి. నాలుగేళ్ల చాకిరీ అది. రాబోయే యాభై ఏళ్లలో ఎన్ని వేసవులు ఊరి జలాశయం అడుగంటి కుళాయిలు ఎండిపోయే ప్రమాదముందో లెక్కగట్టిన పరిశోధన.

“బయల్దేరేటప్పుడా చెప్పేది? ఏమైంది నాన్నా?”

ఆయన కుర్చీ అంచున కూర్చున్నాడు. ఉద్యోగమున్నన్నాళ్లూ ఆ జలాశయం దగ్గరే రోజూ నీటిమట్టం చూసి రిజిస్టరులో ఎక్కించిన మనిషి. తన రాతల మీద కూతురు డాక్టరేటు చేస్తోందని వీధంతా చాటుకున్నాడు. నిన్న సాయంత్రం థీసిస్ మొదటి పేజీలు చదివాక మాత్రం ముద్ద దిగలేదు. గతంలో వచ్చిన కరువును సరిగ్గా చూపగలిగితేనే, రాబోయే కరువు గురించి ఈ పద్ధతి చెప్పేది నమ్మొచ్చని రాసి ఉంది. దానికి ఎంచుకున్నది ముప్పై ఏళ్ల నాటి ఆ ఘోరమైన వేసవినే. ఆ తొంభై రోజుల అంకెలే మొత్తానికి పునాది.

“ఆ తొంభై రోజులూ దొంగ లెక్కలమ్మా,” అన్నాడు తల దించుకుని.

“అంటే?”

“జలాశయం మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నా. ఉద్యోగం పర్మనెంటు కావడానికి ఇంకా నాలుగు నెలలే. సెలవు పెడితే నా కుర్చీలో ఇంకొకడు కూర్చుంటాడు. గట్టు మీద క్వార్టర్సులో ఉండేది మనమే, చూసేవాడూ లేడు, అడిగేవాడూ లేడు. మంచంలో పడుకుని, ఇవాళ ఇంత దిగుంటుందిలే అని ఓ అంకె చెప్పేవాణ్ణి. మీ అమ్మ రిజిస్టరులో రాసేది.”

“అమ్మనే వెళ్లి చూసి రమ్మనలేకపోయావా?”

“ఎలా పంపను? నువ్వు కడుపులో ఉన్నావు. ఎనభై మెట్లు, నిట్టనిలువు. తను వెళ్తానని మొండికేస్తే, ఆ మెట్లు దిగితే నా మీద ఒట్టే అన్నా. డాక్టరమ్మ నడవమందని పొద్దున్నే కాసేపు అలా తిరిగొచ్చేది. రాగానే రిజిస్టరు పట్టుకుని మంచం పక్కన కూర్చునేది.”

వంటింట్లో గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. ఆయన గొంతు తగ్గించాడు.

“కాలు బాగయ్యాక ఆ పేజీలు తిప్పి చూసే ధైర్యం కూడా లేకపోయింది. పాత కాగితాలు, ఎవరికేం నష్టంలే అనుకున్నా. చివరికి నీ కొంపే ముంచాను.” ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

కూతురు సంచి పక్కన పెట్టి కంప్యూటరు తెరిచింది.

“ఇటు చూడు. ఆ వేసవిలో ఉపగ్రహం తీసిన ఫొటోలివి. నీళ్లు ఎంత మేర పరుచుకున్నాయో చూస్తే మట్టమెంతో తేల్చొచ్చు. రిజిస్టరు ఒక్కదాన్నే నమ్ముకుంటే మా గైడు ఊరుకుంటాడా? ఎర్రగీత ఫొటోలది, నల్లగీత నీ రిజిస్టరుది.”

ఆయన కళ్లజోడు సవరించుకుని వంగి చూశాడు. “ఒకటే గీత ఉందిగా?”

“రెండున్నాయి నాన్నా. ఒకదాని మీద ఒకటి పడిపోయాయి.”

ఆయన తెర మీద వేలు పెట్టి ఆ గీత వెంట ఈ చివర నుంచి ఆ చివరిదాకా జరిపాడు.

“రెండో నెల నుంచి ఊరికి రోజు విడిచి రోజు నీళ్లిచ్చారు చూడు, అప్పట్నుంచి మట్టం దిగడం నెమ్మదించింది. అదీ రిజిస్టరులో ఉంది.”

“ఉండదా మరి!” ఆయన వెన్ను నిటారైంది. “ఏ రోజు ఎంత చెప్పానో గుర్తులేదు గానీ, అదీ లెక్కేసే చెప్పుంటాను. రోజూ చూసిన నీళ్లు గదమ్మా, మంచంలో ఉన్నా కళ్ల ముందే కదుల్తాయి.”

“ఇక వెళ్లిరానా?”

“వెళ్లిరాక! కృతజ్ఞతల పేజీలో మాత్రం నా పేరు కాస్త పెద్దక్షరాల్లో పడాల్సింది.”

మనసు తేలికపడి, కూతుర్ని గుమ్మందాకా సాగనంపి, ఆయన వంటింట్లోకి తొంగి చూశాడు. “విన్నావా? మన అంచనా ఉపగ్రహంతో సమానమట!”

“మీకేం తక్కువండీ,” అంటూ భార్య టీ గ్లాసు చేతికిచ్చింది. ఆయన ఆ గ్లాసుతోనే పక్కింటాయనకు ఈ సంగతి చెప్పడానికి చెప్పులేసుకున్నాడు. ఆవిడ కిటికీలోంచి చూస్తూ తనలో తను నవ్వుకుంది.

ఆయన చెప్పిన అంకె ఒక్కటీ ఆవిడ రాయలేదు.