మూత కింద కోడి

చలి సున్నాకి ఇరవై రెండు డిగ్రీలు కిందికి దిగింది. ఆ ఆదివారం వెర్లిన్ చర్చి నుంచి వస్తూనే పార పట్టాడు. పెరట్లో మోకాలెత్తు మంచు తవ్వి గ్రిల్ దాకా బాట చేశాడు. పదకొండింటికి కోడిని చువ్వకెక్కించి మూత దించాడు. మూత మీద దుప్పటి కప్పాడు.

అది చెక్కపొట్టు గుళికలతో మండే గ్రిల్. గుళికలు అదే తోసుకుంటుంది. చువ్వ అదే తిప్పుకుంటుంది. కోడి ఎంత వేడెక్కిందో ఫోన్‌కి అదే కబురు పెడుతుంది. మనిషి చేయాల్సిందల్లా పక్కన నిలబడి గర్వపడటమే.

వెర్లిన్ నలభై ఏళ్లు కౌంటీ రోడ్ల మీద మంచు తోసే బండి నడిపి సెప్టెంబరులో రిటైరయ్యాడు. అక్టోబరులో భార్య మార్లిస్ మసాలా డబ్బాలన్నీ అక్షరక్రమంలో సర్దిపెట్టాడు. నవంబరులో, గిన్నెలు కడిగే మిషన్లో పళ్లేలు ఏ వైపు తిప్పి పెట్టాలో ఆమెకు నేర్పాడు. డిసెంబరులో వంటింటి ఓవెన్ పాడైంది. కొత్త ఓవెన్‌కని తీసిన డబ్బుతో ఈ గ్రిల్ కొన్నాడు.

మార్లిస్‌కి కడుపు మండి ఉంటుందని ఊరంతా అనుకుంది.

ఆ పొద్దున చర్చి కాఫీ దగ్గర ఆమె అన్న డెల్మర్ పదిమందిలో అననే అన్నాడు. "ఈ చలిలో నీ డబ్బాలో గుడ్డు కూడా ఉడకదు బావా."

వెర్లిన్‌కి రోషం వచ్చింది. "మూడింటికల్లా కోడి కాలకపోతే గ్రిల్ నువ్వే పట్టుకుపో. నీ చెల్లెలికి ఓవెన్ కొనిచ్చి, ఆమె పక్కనే ఇంట్లో కూర్చుంటా."

మార్లిస్ ఇంకో కప్పు కాఫీ పోసుకుంది. ఇంటికొస్తూ దారిలో కోళ్లు కొంది. ఆ కొట్లో జోడీగానే అమ్ముతారు.

పక్కిల్లే కాబట్టి డెల్మర్ పన్నెండింటికల్లా కంచె దగ్గరికొచ్చాడు.

"కాలుతోందా బావా, గడ్డకడుతోందా?"

"తెలియనివాడికి రెండూ ఒకలాగే ఉంటాయి."

"ఓసారి మూత తీసి చూపించు మరి."

"తీస్తే వేడంతా పోతుంది. మూత తీసి చూసేవాడు వంటవాడే కాడు."

కోడి వేడి ఫారెన్‌హీట్‌లో నూట అరవై అయిదుకి చేరాలి. ఒంటిగంటకి అరవై ఒకటి. ఒకటిన్నరకి తొంభై ఎనిమిది. అక్కడ ఆగిపోయింది. వెర్లిన్ కనురెప్పల మీద మంచు పేరుకుంది. చలికి ఫోన్ చచ్చిపోతుంటే చంకలో పెట్టుకుని బతికించాడు.

రెండింటికి మార్లిస్ వంటింటి తలుపు తీసింది. "గుళికలు అయిపోవచ్చినట్టున్నాయే."

"గ్యారేజీలో ఇంకో సంచి ఉండాలే!"

"క్రిస్మస్‌కి వాడేశావుగా."

వెర్లిన్ గ్యారేజీ అంతా వెతికాడు. లేదు. తాళాలు తీసుకుని బండి దగ్గరికి పరుగెత్తాడు.

"తొందరేం లేదు. రోడ్డంతా జారుడుగా ఉంది, మెల్లగా వెళ్లి రా" అంది మార్లిస్.

డెల్మర్ కూడా బండెక్కాడు. "దారిలో కాల్చిన కోడి కొని కోటులో దాచుకొస్తావేమో. నిన్ను నమ్మను."

సంచి తెచ్చేసరికి మూడుకి పది నిమిషాలుంది. వెర్లిన్ గ్రిల్ దగ్గరికెళ్లి ఫోన్ చూశాడు. నూట అరవై ఆరు.

"ఇందాక తొంభై ఎనిమిదేగా!" డెల్మర్ నోరు తెరిచాడు.

"మొండికేయడం అంటారు దీన్ని. ఎంతసేపో కదలదు. తర్వాత ఒకటే దూకుడు. నేను నలభై వీడియోలు చూశాను బావా, నీలాగా ఊరికే మాట్లాడను."

సరిగ్గా మూడింటికి మూత తీశాడు. కోడి బంగారంలా మెరిసింది.

డెల్మర్ భార్య ఆర్డిస్ కూడా వచ్చింది. నలుగురూ బల్ల చుట్టూ కూర్చున్నారు. డెల్మర్ మొదటి ముక్క చాలాసేపు నమిలాడు.

"మరీ అంత దారుణంగా ఏం లేదు" అన్నాడు.

మా కౌంటీలో ఇంతకు మించిన పొగడ్త శవపేటిక ముందు కూడా వినపడదు.

"ఉప్పు సరిపోయిందా?" ఆర్డిస్ అడిగింది.

"సరిపోకేం, చల్లింది నేనేగా" అన్నాడు వెర్లిన్.

"ఎందుకోగానీ, మా ఇల్లంతా మధ్యాహ్నం నుంచీ ఇదే వాసన" అన్నాడు డెల్మర్.

"పొగ బావా, పొగ! గాలి మీ వైపే ఉంది. ఓవెన్లో జన్మంతా కాల్చినా ఈ పొగ రుచి వస్తుందా?"

"రాదు" అంది మార్లిస్.

వెర్లిన్ కుర్చీలో వెనక్కి వాలాడు. ఇక ఓవెన్ మాట ఎత్తొద్దన్నాడు. మంచు కరిగేదాకా ప్రతి ఆదివారం కోడి తనదేనన్నాడు. బుధవారం కూడా చూస్తానన్నాడు.

"అంతసేపు బయట నిలబడాలి. నీకు శ్రమ కదా" అంది మార్లిస్.

"నీకోసం ఆ మాత్రం చేయలేనా?"

డెల్మర్‌ని వెంటబెట్టుకుని, గ్రిల్‌లో బూడిద తీసే పద్ధతి చూపించడానికి పెరట్లోకి వెళ్లాడు.

మార్లిస్ వీధి తలుపు దాకా వెళ్లి, గుడ్డ కప్పిన గిన్నె ఆర్డిస్ చేతిలో పెట్టి, "ఈ పచ్చిది మీ కుక్కకి పడెయ్ వదినా, బుధవారం కూడా నీ ఓవెన్లో ఒకటి పెట్టి ఉంచు, ఆ మూత కింద ఏదీ కాలదని తెలిసిందంటే మనిషి మళ్లీ ఇంట్లోకొచ్చి కూర్చుంటాడు" అంది.