తొమ్మిది చేతులు మారిన ఇల్లు

ఇప్పుడు ఇల్లు కొనడానికి పదకొండు నిమిషాలు చాలు. బ్రోకరు, లాయరు, ఇంజనీరు, వాస్తు పంతులు, ఎవరూ మనుషులు కారు, అందరూ ఫోన్‌లో మాట్లాడే యంత్రం గొంతులే. నలుగురూ మాకో ఇల్లు చూపించి, బాగుందన్నారు. మా ఆవిడ సుభాషిణికి కావలసింది కుళాయిలో నీళ్ళు. ట్యాంకరు బిందెలు మోసి ఆమె నడుము విరిగిపోతోంది.

"ఒకసారి వెళ్ళి చూసొస్తాను," అన్నాను.

"ఈ కాలంలో ఇల్లు చూసి కొనేదెవరు సార్?" అని బ్రోకరు గొంతు నవ్వింది.

నేను గుంటూరులో మిర్చి వ్యాపారిని. బస్తా అడుగుదాకా చెయ్యి పెట్టకుండా ధర చెప్పను. బస్సెక్కి వెళ్ళి కుళాయి తిప్పాను. గాలి వచ్చింది.

పక్కింటి ముసలమ్మ గోడ మీంచి చూసింది. "నీళ్ళా నాయనా? బోరెండి ఇరవయ్యేళ్ళయింది. ఒకరి తర్వాత ఒకరు తొమ్మిదిమంది కొన్నారు గానీ గడప తొక్కింది నువ్వొక్కడివే," అంది.

ఆరా తీస్తే, మొదటి ఇంజనీరు మనిషేనట. అతను వచ్చిననాడు నీళ్ళున్నాయి. తర్వాతి గొంతులన్నీ అతని కాగితం చూసే సరేనన్నాయి. ఇలాంటి గుమాస్తాను నా కొట్లో పూటైనా ఉంచను.

లాయరు గొంతుకు సంగతి చెప్పాను.

"అయితే మీకు అమ్మలేం సార్. నీళ్ళున్నాయని రాసిన పత్రం మీద, లేవని తెలిసినవాళ్ళు సంతకం పెడితే చెల్లదు. తెలియనివాళ్ళయితే ఇబ్బంది లేదు."

"ఆ పత్రం దిద్దవచ్చుగా?"

"దిద్దాలంటే ఎవరో ఒకరు వెళ్ళి చూడాలి సార్. మా పద్ధతిలో అది లేదు."

సాయంత్రానికల్లా ఆ ఇంటికి పదో యజమాని దొరికాడు. చాలా తృప్తిగా ఉన్నాడట.