సువర్చల కడియం

జబ్బున్నవాళ్ళని ఇప్పుడు ఏ విహార నౌకా కాదనదు. చేతికి కడియం తొడిగి మరీ ఎక్కించుకుంటుంది. ఎవరి గుండె తడబడినా వాళ్ళ కడియం ఎర్రగా వెలుగుతుంది, ఓడ దానంతటదే అలలు తక్కువున్న వైపు మళ్ళిపోతుంది.

నిన్న సువర్చల కడియం ఎర్రబడింది. పగడాల దీవి చూడకుండానే ఓడ వెనుదిరిగింది. "ఇలాంటివాళ్ళు ఇంట్లో ఉండొచ్చుగా!" అని భోజనాల దగ్గర ఆవిడ చక్రాల కుర్చీ వెనకే నిలబడి ఎవరో అన్నారు.

అందుకే ఈ పొద్దున ఆవిడ స్నానానికి తీసిన కడియాన్ని భర్త లింగమూర్తి తన చేతికి తొడుక్కుని, పైన పొడుగు చేతుల చొక్కా వేసుకున్నాడు. తన గుండె గట్టిదని అతని ధీమా. ఆవిడ అడిగితే, "ఛార్జింగులో పెట్టాను" అన్నాడు.

ఓడ మళ్ళీ పగడాల దీవికే బయల్దేరింది. దీవి కనబడుతుండగా అలలు పెరిగాయి. ఆవిడ నింపాదిగా ఇడ్లీ తింటోంది. ఇప్పుడీమెకి ఏమైనా అయితే ఓడకి తెలియదు కదా అనిపించగానే లింగమూర్తి గుండె దడదడలాడింది. ఓడ మెల్లగా పక్కకి తిరిగింది.

నర్సు పరుగున వచ్చింది. "సువర్చల గారూ, ఆయాసంగా ఉందా?"

భర్త చొక్కా చేతికింద ఎర్రటి వెలుగు ఆవిడకి కనిపించింది. బోసి మణికట్టుని కొంగుతో కప్పుకుంది.

"అవునమ్మా, కాస్త దడగా ఉంది."

చుట్టూ గొణుగుడు మొదలైంది. నర్సు మాత్ర ఇచ్చి వెళ్ళాక లింగమూర్తి మెల్లగా అడిగాడు. "ఎందుకలా చెప్పావు?"

"నన్నెలాగూ నిన్ననే అనేశారు," అంది ఆవిడ ఇడ్లీ తుంచుతూ. "మళ్ళీ మీరెందుకండీ మాట పడటం?"

చొక్కా కింద ఎరుపు ఇంకా ఆరలేదు.