పిడికిలి, అరచేయి

“పిడికిలి బిగిస్తే దించమని. అరచేయి బోర్లిస్తే ఆపమని. రాసుకోండి మేడమ్,” అన్నాడు క్రేన్ ఆపరేటర్.

రెండూ తలకిందులుగా చెప్పాడు. సోమవారం నుంచి పోర్టు ప్రైవేటు కంపెనీ చేతికి వెళ్తోంది. ఆ కంపెనీ పంపిన ఈ పిల్ల, ఇరవై ఏళ్ల పనితనాన్ని నోటుబుక్కులోకి ఎక్కించుకుని తమ అందరి పొట్టా కొడుతుందని అతని అనుమానం.

ఆమె బుద్ధిగా రాసుకుంది. అతను లోలోపల నవ్వుకున్నాడు.

“ఇంతకీ ఈ సైగలు ఏ మిషన్‌కి నేర్పుతారో?”

“మిషన్‌కి సైగలెందుకు సార్? నాకే. సోమవారం నుంచి మీ క్రేన్ కింద నిలబడి సిగ్నల్ ఇచ్చేది నేనే.”

అతను తలెత్తి క్రేన్ వైపు చూశాడు. ఆపమని ఆమె కింద అరచేయి బోర్లిస్తుంది. పైన తన చెయ్యి, అలవాటు కొద్దీ, కంటైనర్‌ని దించేస్తుంది. ముప్పై టన్నులు, ఆ పిల్ల నెత్తి మీదికి.

“కొట్టెయ్యమ్మా! పిడికిలే ఆపమని. అరచేయి దించమని. కావాలనే తప్పు చెప్పాను.”

ఆమె కొట్టెయ్యలేదు. ఒక పేజీ వెనక్కి తిప్పి చూపించింది. రిటైరైన సిగ్నల్‌మాన్ చెప్పిన సైగలు అక్కడ వరసగా ఉన్నాయి, అన్నీ ఒప్పుగా.

“తెలిసే అడిగావా?”

“ఎవరి కింద నిలబడబోతున్నానో తెలుసుకోవాలి కదా బాబాయ్.”

“మరి తెలిసిందా?”

“తెలిసింది,” అంటూ ఆమె హెల్మెట్ పట్టీని ఇంకాస్త బిగించుకుంది.